అయోర్టా స్టెంట్ తర్వాత ఏటా స్కాన్ ఎవరు చేయిస్తారు?

పొట్ట కోయకుండా, గజ్జ దగ్గర చిన్న రంధ్రం చేసి శరీరంలోకెల్లా పెద్ద రక్తనాళమైన అయోర్టాను బాగుచేసే చికిత్స మన తిరుపతి, చిత్తూరు జిల్లాల వాళ్లకు ఇప్పుడు కొత్త కాదు. తిరుపతి, వేలూరు, చెన్నై, బెంగళూరు అని వైద్యం కోసం మనవాళ్లు తిరిగే ఊళ్ల పేర్లతో పాటు ఈ మాటా ఇళ్లకు చేరింది. పొట్టలో చేస్తే ఈవార్, ఛాతీలో చేస్తే టీవార్. 'కోత లేదు, మూడో రోజుకు ఇంటికి' అని చెప్పగానే ఏ కుటుంబమైనా ఊపిరి పీల్చుకుంటుంది. అక్కడితో మాట ఆపేయడం దగ్గరే నా అభ్యంతరం. నాళం లోపల స్టెంట్ గ్రాఫ్ట్ అనే గొట్టం వేయడం సగం చికిత్స. ఆ మనిషి బతికున్నన్నాళ్లూ ఏటా స్కాన్ చేసి చూడటం మిగతా సగం. మొదటి సగానికి డబ్బుంది, యంత్రాలున్నాయి, ప్రారంభోత్సవాలున్నాయి. రెండో సగానికి బాధ్యులే లేరు. ఆ బాధ్యత ఎవరిదో తేలనంతవరకు, పొట్ట కోసి చేసే పెద్దాపరేషన్‌ను తట్టుకోగల రోగికి స్టెంటే మేలని చెప్పడం తప్పంటాను.

విషయం తెలిసిన పాఠకులకు నేపథ్యం క్లుప్తంగా చాలు. పొట్టలో అయోర్టా వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. అది 3 దాటితే అన్యూరిజం, అంటే గోడ బలహీనపడి ఉబ్బడం. మగవారిలో 5.5, ఆడవారిలో 5 సెంటీమీటర్లకు చేరితే బాగుచేయాలని లెక్క. బీడీ, సిగరెట్, బీపీ, వయసు దీనికి ప్రధాన కారణాలు. పగిలేదాకా చాలామందికి నొప్పీ ఉండదు, పగిలితే ఎక్కువమంది ఆస్పత్రి దాకా రారు. 1951లో పారిస్‌లో చార్లెస్ డ్యుబో పొట్ట తెరిచి ఉబ్బిన భాగం తీసేసి వేరే నాళం కుట్టాడు. 1987లో ఖార్కివ్‌లో నికొలాయ్ వొలొదోస్ ఛాతీ అయోర్టాలోకి, 1990లో బ్యూనస్ ఎయిరిస్‌లో హువాన్ పరోడి పొట్టలోని అయోర్టాలోకి, లోపలినుంచే గొట్టం పంపారు.

ఈ గొట్టం ఎలా నిలబడుతుందో తెలిస్తే నా వాదన సగం అర్థమైనట్టే. పెద్దాపరేషన్‌లో గ్రాఫ్ట్‌ను దారంతో నాళానికి కుడతారు. ఈవార్‌లో కుట్టు ఉండదు. లోహపు చట్రానికి గుడ్డ తొడిగిన గొట్టం తన సాగే బలంతో గోడకు ఒత్తుకుని కూర్చుంటుంది, కొన్ని రకాల్లో సన్నని కొక్కేలూ పట్టుకుంటాయి. కూర్చోడానికి ఆరోగ్యంగా ఉన్న గోడ కావాలి. కిడ్నీ ధమనులకు కింద, ఉబ్బు మొదలయ్యే చోటుకు పైన మిగిలిన ఆ కాస్త భాగాన్ని 'మెడ' అంటారు. మామూలు గ్రాఫ్ట్‌లకు అది 10 నుంచి 15 మిల్లీమీటర్ల పొడవైనా ఉండాలి. వంపు 60 డిగ్రీలు మించకూడదు. లోపల సున్నం, గడ్డకట్టిన రక్తం చుట్టూ పేరుకుని ఉండకూడదు. గ్రాఫ్ట్‌ను మెడ కంటే 10 నుంచి 20 శాతం పెద్ద సైజులో ఎంచుకుంటారు. మెడ 24 మిల్లీమీటర్లుంటే 28 గ్రాఫ్ట్ తీసుకుంటారు. ఆ నాలుగు మిల్లీమీటర్ల ఒత్తిడే సీలు.

ఇక లోపలికి వెళ్లే దారి. తొడ ధమనిలో సూది దింపాక, రంధ్రం పెద్దది చేయకముందే, మూసేందుకు పనికొచ్చే రెండు కుట్టు సాధనాలను గడియారంలో పది, రెండు అంకెల వైపు తిప్పి పెట్టి ఉంచుతారు. రక్తం గడ్డకట్టకుండా కిలో బరువుకు సుమారు 100 యూనిట్ల లెక్కన హెపారిన్ ఇస్తారు. తర్వాత గట్టి తీగ, దాని మీద గ్రాఫ్ట్‌ను లోపలికి చేర్చే గొట్టం, అంటే షీత్. దాని సైజును ఫ్రెంచ్ అనే కొలతలో చెబుతారు, 18 ఫ్రెంచ్ అంటే 6 మిల్లీమీటర్ల గొట్టం. సన్నగా, సున్నం పట్టి, మెలికలు తిరిగిన, తొడకూ అయోర్టాకూ మధ్య ఉండే ఇలియాక్ నాళంలోంచి దాన్ని బలవంతంగా తోస్తే నాళమే చిరుగుతుంది. నాళాలు సన్నగా ఉండే ఆడవారిలో, ఏళ్ల తరబడి బీడీ కాల్చినవారిలో ఈ ముప్పు ఎక్కువ. మెడ ముందుకు వంగి ఉంటే సీ ఆర్మ్ ఎక్స్‌రే యంత్రాన్నీ ఆ వంపుకు తగ్గట్టు వంచి చూడాలి. లేకపోతే తెర మీద కనిపించే చోటూ, అసలు కిడ్నీ ధమని ఉన్న చోటూ కొన్ని మిల్లీమీటర్లు తేడా వస్తాయి. పైకి తప్పితే కిడ్నీ పోతుంది, కిందికి తప్పితే సీలు పోతుంది. ప్యాంటులా రెండు కాళ్లుండే గ్రాఫ్ట్ ప్రధాన భాగం తెరిచాక, రెండో కాలి వైపునుంచి దాని పొట్టి ద్వారంలోకి తీగ ఎక్కించాలి. ఎక్కిందో లేదో తెలుసుకోడానికి కొన చుట్ట తిరిగిన పిగ్‌టెయిల్ కాథెటర్ గొట్టాన్ని లోపల గుండ్రంగా తిప్పి చూస్తారు. అడ్డు లేకుండా తిరిగితే గ్రాఫ్ట్ లోపల ఉన్నట్టు. ఇది చూడకుండా రెండో కాలు తెరిస్తే అది గ్రాఫ్ట్ బయట, ఉబ్బు సంచిలో తెరుచుకోవచ్చు. ఆఖరి యాంజియోలో రంగుమందు సంచిలోకి పోవడం లేదని చూశాకే పని ముగుస్తుంది.

చక్కగా ముగిసింది అనుకుందాం. అప్పటినుంచే నేను చెప్పదలచింది మొదలవుతుంది. ఉబ్బు వచ్చిన మనిషి నాళం ఒక్కచోటే జబ్బుపడి ఊరుకోదు. ఈ రోజు 24 మిల్లీమీటర్లున్న మెడ ఏళ్లు గడిచే కొద్దీ 26, ఆపైన 28 కావచ్చు. 28 గ్రాఫ్ట్‌కు ఇక ఒత్తిడి మిగలదు. చిత్తూరు రైతుకు ఇది బోరు భాషలో ఇట్టే అర్థమవుతుంది: కేసింగ్ పైపు గట్టి రాయి మీద కూర్చున్నంతకాలమే బోరు, కింద వదులైందా, పక్కమన్ను లోపలికి దిగుతుంది. ఇక్కడ దిగేది పూర్తి బీపీతో కొట్టే రక్తం. దీన్ని ఎండోలీక్ అంటారు. పై సీలో కింద సీలో వదిలితే ఒకటో రకం. గ్రాఫ్ట్ ముక్కల అతుకు ఊడినా, గుడ్డ చిరిగినా మూడో రకం. ఈ రెండూ కనిపించిన వెంటనే సరిచేయాల్సినవి. నడుము ధమనుల్లాంటి చిన్న కొమ్మల నుంచి రక్తం వెనక్కి వచ్చి సంచిలో చేరితే రెండో రకం. సంచి పెరగనంతకాలం దీన్ని చూస్తూ ఉండొచ్చు, 5 మిల్లీమీటర్లో అంతకు మించో పెరిగితే తాత్సారం చేయకూడదు. వీటిలో ఏదీ రోగికి తెలియదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, పొలం పని ఆగదు. స్కాన్ ఒక్కటే చెబుతుంది.

ఇది నా భయం కాదు, బ్రిటన్‌లో తేలిన విషయం. 1999 నుంచి 2004 మధ్య 1252 మందిని చేర్చుకున్న ఈవార్ 1 ట్రయల్‌లో మొదటి 30 రోజుల మరణాలు స్టెంట్ వైపు 1.7 శాతం, పెద్దాపరేషన్ వైపు 4.7 శాతం. ఈ మొదటి అంకెలే చికిత్సను ప్రపంచమంతా తిప్పాయి. పదిహేనేళ్లు వెంటాడి చూసిన ఫలితాలు 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. తొలి లాభం కొన్నేళ్లకే కరిగిపోయింది. ఎనిమిదేళ్లు దాటాక అన్యూరిజం వల్ల పోయినవాళ్లు స్టెంట్ వైపే ఎక్కువ, ముఖ్య కారణం స్టెంట్ ఉండగానే సంచి పగలడం. అది రోగిని పిలిచి స్కాన్ చేసే ఏర్పాటు ఉన్న ట్రయల్. ఆ పిలుపే లేని చోట ఏం ఆశించాలి? పుంగనూరు నుంచో కుప్పం నుంచో వచ్చిన మనిషికి డిశ్చార్జ్ కాగితం మీద 'ఏడాదికి సీటీ' అని రాసి పంపితే, ఒళ్లు బాగున్న రోజున, కూలీ పోగొట్టుకుని, బస్సెక్కి, చేతి డబ్బు పెట్టి ఆయన సీటీ తీయించుకోవాలా? తీయించుకోకపోతే నిర్లక్ష్యం ఆయనదా?

ఛాతీలో కథ కొంత వేరు. అక్కడ మన దగ్గర కనిపించేవి ఉబ్బులే కాదు. బీపీ అదుపు తప్పి లోపలి పొర చీలే డిసెక్షన్, వయసులో ఉన్న ఆడవారిలో నాళాల గోడ వాచే టకయాసు జబ్బు, క్షయ లాంటి ఇన్‌ఫెక్షన్ తినేసిన గోడలు కూడా ఉంటాయి. గుండె నుంచి పైకెళ్లే భాగంలో చీలితే అత్యవసరంగా ఛాతీ తెరవాల్సిందే. ఎడమ చేతి ధమని దాటాక చీలి, కాళ్లకో కిడ్నీకో రక్తం ఆగితే టీవార్ ప్రాణం పోస్తుంది. వెన్నుపాముకు రక్తం తగ్గి కాళ్లు పడిపోవడం దీని చెడ్డ చిక్కు. అది రాకుండా బీపీని కావాలనే పైకి ఉంచడం, వెన్ను నీరు తీయడం తెలిసిన జట్టు ఉండాలి. టకయాసులో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షల అంకెలు దిగకముందే వేసిన స్టెంట్ వాపుతో ఉన్న గోడ మీద కూర్చుంటుంది. ఇలాంటి రోగికి ముప్పై ఏళ్లుంటే, ఇంకో నలభై ఏళ్లు చూస్తూ ఉండాలి. నా వాదన ఇక్కడ మరింత బలపడుతుంది.

స్టెంట్ పక్షాన చెప్పే మాటను తీసిపారేయను. డెబ్బై ఐదేళ్ల మనిషి, బీడీతో పాడైన ఊపిరితిత్తులు, గతంలో గుండెపోటు: పొట్ట తెరిస్తే బల్ల మీదే పోతాడు, ఫాలో అప్ ఏర్పాట్లయ్యేదాకా ఆగితే ఇంట్లో పోతాడు అంటారు వైద్యులు. నిజమే. అలాంటివారికి, నాళాల ఆకృతి అనుకూలిస్తే పగిలి వచ్చినవారికి కూడా, స్టెంటే దారి. నా పట్టు అరవైలోపు వయసు, మంచి గుండె, పొట్టి మెడ ఉన్న రోగి గురించి. ఆయనకు రెండు దారులూ పక్కపక్కన పెట్టి చెప్పాలి: ఒకదాంట్లో ముందు కష్టం, తర్వాత చాలావరకు నిశ్చింత. రెండోదాంట్లో ముందు సుఖం, తర్వాత జీవితాంతం కాపలా. కాపలాకు మనుషులు లేరని తెలిసీ రెండోదాన్ని 'సులువు' అని అమ్మకూడదు.

కాపలా కష్టమైన పనా? కానే కాదు, అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. నెల రోజులకు ఒక సీటీ, ఏడాదికి ఇంకొకటి. అప్పటికి లీకు లేక, సంచి పెరగకుండా ఉంటే ఆపైన ఏటా డాప్లర్ అల్ట్రాసౌండ్ చాలు. అయిదేళ్లకోసారి రంగుమందు లేని సీటీ. కిడ్నీ బలహీనపడి క్రియాటినిన్ పెరిగినవారికి రంగుమందు బాధ ఇలా చాలావరకు తప్పుతుంది. అల్ట్రాసౌండ్‌కు రాత్రి నుంచి పరగడుపున రావాలి, లేకపోతే గ్యాస్ అడ్డొచ్చి అయోర్టా కనపడదు. సంచిని ముందు నుంచి వెనక్కి, బయటి గోడ నుంచి బయటి గోడకు, ప్రతిసారీ ఒకే పద్ధతిలో కొలవాలి. ఒకరు లోపలి గోడ, ఒకరు బయటి గోడ కొలిస్తే పెరగని సంచి పెరిగినట్టు, పెరిగింది పెరగనట్టు కనిపిస్తుంది. ఇది నేర్పితే వచ్చే పని.

దూరం ఒక సాకు కాదని మన జిల్లాల్లోనే రుజువైంది. గుండెపోటుకు స్టెమీ కార్యక్రమం కింద ఏరియా ఆస్పత్రిలో తీసిన ఈసీజీ పెద్దాస్పత్రి నిపుణుడికి ఫోన్‌లో చేరుతోంది, గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడే ఇస్తున్నారు. (ఆ ఇంజెక్షన్‌కు ముందు రెండు చేతుల్లో బీపీ చూడాలని ఇక్కడే గట్టిగా చెబుతాను. 20 పాయింట్లకు మించి తేడా ఉండి, నొప్పి వీపులోకి చీల్చుకుపోతున్నట్టుంటే అది డిసెక్షన్ కావచ్చు, గడ్డ కరిగించే మందు అక్కడ ప్రాణం తీస్తుంది.) అదే తీగ మీద ఏటా ఒక అల్ట్రాసౌండ్ బొమ్మ, ఒక కొలత తిరుపతికి పంపడం ఎందుకు కుదరదు?

కుదరకపోవడానికి నాకు కనిపించే కారణం మన పథకాలు పుట్టిన తీరు. ప్యాకేజీ అనే ఊహ ఒక అడ్మిషన్, ఒక ప్రొసీజర్, ఒక డిశ్చార్జ్ చుట్టూ అల్లినది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు అదే పెద్ద అడుగు, అందులో సందేహం లేదు. పేరు ఎన్‌టీఆర్ వైద్య సేవ అయినా ఆ గుణం మారలేదు. ప్రభుత్వం ఎన్ని ఆపరేషన్లు చేయించామో చెబుతుంది. చేయించుకున్నవాళ్లలో ఎందరు పదో ఏడు చూశారో చెప్పదు, అడిగేవాళ్లూ లేరు. శరీరంలో ఏదైనా పరికరం పెట్టించుకున్న చాలామంది రోగులదీ ఇదే స్థితి.

రికార్డు మరీ ఘోరం. మన రోగి చరిత్ర అంతా ఇంట్లో దూలానికి వేలాడే ప్లాస్టిక్ కవర్‌లో ఉంటుంది. వేలూరు సీటీ ఒక సీడీలో, చెన్నై డిశ్చార్జ్ ఒక కాగితంలో, తిరుపతి ఎకో ఇంకో కాగితంలో. పాత కొలత లేకపోతే కొత్త కొలతకు అర్థమే లేదు. 5.9 సెంటీమీటర్లని ఈ రోజు చూస్తే, పోయినేడు 6.2 ఉందా, 5.4 ఉందా అన్నదాన్ని బట్టి ఒకరు ఇంటికి, ఒకరు క్యాథ్ ల్యాబ్‌కు. 2021 ఫిబ్రవరిలో మెడ్‌ట్రానిక్ తన వాలియంట్ నేవియన్ ఛాతీ స్టెంట్ గ్రాఫ్ట్‌ను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచింది. చట్రం విరగడం, లీకులు బయటపడటం కారణాలు. రేపు ఇంకో కంపెనీ అదే చేస్తే, పీలేరులో ఉన్న రోగి లోపల ఏ మోడల్, ఏ సీరియల్ నంబరు గొట్టం ఉందో ఎవరికి తెలుసు? ఆయనకు ఫోన్ చేసేది ఎవరు? ఆరోగ్య రికార్డుల కోసం ఆభా నంబరు 14 అంకెలతో ఇంటింటికీ ఇచ్చారు. దాని కింద ఇంప్లాంట్ స్టిక్కర్ ఫొటో, మొదటి సీటీ కొలతలు ఎక్కించడం డిశ్చార్జ్ రోజున పది నిమిషాల పని.

కాబట్టి ప్రభుత్వాన్ని అడగాల్సింది కొత్త భవనం కాదు. అయోర్టా స్టెంట్ ప్యాకేజీలో రెండు సీటీలు, ఆపైన ఏటా ఒక అల్ట్రాసౌండ్, రానుపోను బస్సు ఖర్చు జీవితకాలానికి కలపాలి. కొన్ని జబ్బులకు ఫాలో అప్ ప్యాకేజీ ఇవ్వడం ఈ పథకానికి కొత్త కాదు, దాన్ని ఇక్కడికి తెచ్చి గడువు తీసేస్తే చాలు. లక్షల్లో ఉండే పరికరం ధర పక్కన ఈ ఖర్చు చాలా చిన్నది. ఆస్పత్రికిచ్చే సొమ్ములో కొంత భాగాన్ని నెలరోజుల సీటీ అప్‌లోడ్ అయ్యేదాకా ఆపాలి, అప్పుడు రోగికి ఫోన్ ఆస్పత్రినుంచే వస్తుంది. తిరుపతి, చిత్తూరు జిల్లాలకు ఒక రిజిస్టరు, దాన్ని చూసే ఒక నర్సు, తేదీ దాటినవారి ఊరికి ఏఎన్ఎమ్ ద్వారా కబురు. ఇవి అమలయ్యేదాకా, స్టెంట్ మాటెత్తిన వైద్యుణ్ని కుటుంబాలు సంతకానికి ముందు మూడు సంగతులు అడగాలి: మెడ పొడవెంత, గ్రాఫ్ట్ మోడల్ ఏది, వచ్చే ఏడాది ఇదే నెలలో స్కాన్ ఎక్కడ, ఎవరి డబ్బుతో.