కాలికి అక్షరాభ్యాసం చేయించిన పెడల్‌బోర్డు గారికి

పర్లాకిమిడి,
రిసెప్షన్ మర్నాటి ఉదయం.

కాలితో తొక్కగానే గిటారు నాదాన్ని మార్చమని ఎఫెక్ట్స్ ప్రాసెసరుకు, వాద్యపరికరాలు మాట్లాడుకునే మిడి భాషలో ఆజ్ఞ పంపు మహారాజశ్రీ మిడి ఫుట్ కంట్రోలర్ గారి దివ్యసముఖమునకు, తమ ఎదుట ఆరేళ్ళుగా ఒంటికాలి మీద నిలబడి గిటారు వాయిస్తున్న సేవకుడు నమస్కరించి వ్రాయు విన్నపములు. ఉభయకుశలోపరి అని వ్రాయవలసిన చోటు ఇదే. నిన్న రాత్రి నుంచి మన ఉభయులలో ఒక్కరమూ కుశలంగా లేము కనుక ఆ మాటను ప్రస్తుతానికి వాయిదా వేస్తున్నాను.

నిన్న కాశీనగరం రిసెప్షన్‌లో తమరు చేసిన ఘనకార్యం తమకు గుర్తుండకపోవచ్చు. తమ జ్ఞాపకశక్తి ఏపాటిదో ఈ వారంలో బాగా తెలిసివచ్చింది కనుక నేనే గుర్తు చేస్తాను. పెళ్ళికూతురిది పాతపట్నం, పెళ్ళికొడుకుది ఒడియా ఇల్లు. ఆమె మెట్లెక్కి వేదిక మీదికి వస్తుండగా, నాకు వరుసకు బావ అయిన మా కీబోర్డు వాద్యకారుడు వేణునాదం అందుకున్నాడు. ఆ వేణువు వెనకాల, నాదాన్ని చిక్కబరిచే కోరస్ కొద్దిగా, ప్రతిధ్వనిలా వెనక్కి వచ్చే డిలే ఒకటి దూరంగా కలిపిన మెత్తని నాదంతో నేను ప్రవేశించాలి. పది నాదాల విడతను బ్యాంకు అంటారు; బ్యాంకు ఒకటి, మూడో పెడల్. తొక్కాను. మెత్తని నాదానికి బదులు, ఇనుప షట్టరును ఒక్కసారిగా కిందికి లాగినట్టు, డిస్టార్షన్ అరుపొకటి ఆ మండపమంతా కమ్ముకుంది. ముందు వరుసలో కూర్చున్న పెళ్ళికూతురి తాతగారు ఏమీ అనలేదు. చెవిలోని వినికిడి యంత్రాన్ని తీసి, రుమాలులో చుట్టి, జేబులో వేసుకున్నారు. అరిచి తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

ఆ అరుపు ఎక్కడిదో నాకు తెలుసు. ఆ పెడల్‌కు నేను ఇచ్చిన సంఖ్య తమరి బుర్రకెక్కలేదు. ఎక్కకపోయేసరికి తమరు ప్రోగ్రామ్ సున్నా అని, అంటే మొట్టమొదటి నాదం తీయమని, పంపారు. ఎఫెక్ట్స్ ప్రాసెసర్లలో ఆ మొదటి గదిలో తయారీదారులు మర్యాదగల నాదాన్ని ఎన్నడూ పెట్టరు. దుకాణంలో కొనేవాడు అదిరిపోవాలని, తమ దగ్గరున్న గోలనంతా అక్కడే కుక్కి పెడతారు. సంఖ్య ఎందుకు ఎక్కలేదంటే, ఆ పెడల్‌ను నొక్కి పట్టవలసిన చోట నొక్కి వదిలేశాను. నొక్కి పడితే భద్రపరచినట్టు, నొక్కి వదిలితే ఏమీ జరగనట్టు అన్నది తమ శాసనం. ఆ తేడాను రాత్రి రెండు గంటల వేళ నా బొటనవేలు గుర్తించలేకపోయింది.

అసలు విన్నపం ఈ బొటనవేలి గురించే.

నాకు చేతులున్నాయి. రెండున్నాయి. అయిదో ఏట నాన్న నన్ను ఒడిలో కూర్చోబెట్టుకుని, చూపుడువేలు పట్టుకుని, పళ్ళెంలో పోసిన బియ్యంలో ఓనమాలు దిద్దించారు. ఆ తరవాత ఒడియా బడిలో చేరితే, అక్కడి మాస్టారు అదే చేతి చేత ఆ గుండ్రని తలకట్ల అక్షరాలు దిద్దించారు. సరిహద్దు ఊళ్ళో పుట్టిన పాపానికి రెండు లిపులు నేర్చిన చేయి ఇది. తమ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ చేతికి పనిలేదు. తమకు ఏది చెప్పుకోవాలన్నా కాలితోనే చెప్పుకోవాలి. ఒక పెడల్‌ను కొన్ని క్షణాలు అదిమి పట్టి, తమ ప్రోగ్రామింగ్ గదిలోకి ప్రవేశించి, అరవై నాలుగు అని వ్రాయాలంటే ఆరో పెడల్, నాలుగో పెడల్, ఆపైన ఎంటరు తొక్కాలి. పదో పెడల్ సున్నా. తమ ఎర్రని మూడంకెల డిస్‌ప్లే పలక మాత్రం మసకబారిన చూపుతో పైకి చూస్తూ, సరిగా వ్రాశానో లేదో చెప్పకుండా మెరుస్తూ కూర్చుంటుంది. కుర్చీలో కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, కాలితో లెక్కలు వ్రాసే మనిషిని తమరు ఇంకెక్కడైనా చూశారా?

మా అమ్మ చూసింది. వంటింట్లోంచి తొంగిచూసి, "ఏటిరా, సరస్వతిని కాలితో తొక్కుతన్నావు? కళ్ళు పోతాయిరా!" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. పొరపాటున పుస్తకానికి కాలు తగిలితే వంగి కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. తమరిని ప్రతి కచేరీకీ ముందు వంగి ముట్టుకుని కళ్ళకద్దుకుంటాను, మరుక్షణం నిలబడి తొక్కుతాను. దసరాకు తమ నుదుట కుంకుమ బొట్టు పెడతాను, ఏకాదశి నాటికి అది నా చెప్పుకు అంటుకుంటుంది. ఈ భక్తిలోని తికమక ఏ పురోహితుడికీ తెగలేదు.

ఒక ప్రీసెట్‌కు, అంటే ఒక పెడల్‌లో దాచుకున్న అమరికకు, నాదం మార్చే ప్రోగ్రామ్ చేంజ్‌లు అయిదు, విలువలు మార్చే కంట్రోల్ చేంజ్‌లు రెండు, కాలితో వాలుస్తూ ఆ విలువలను పెంచి తగ్గించే ఎక్స్‌ప్రెషన్ పెడళ్ళు రెండింటి హద్దులు. అన్నీ వాడకపోయినా ఇరవై తొక్కుళ్ళకు తక్కువ కాదు. పది బ్యాంకులు, బ్యాంకుకు పది పెడళ్ళు, మొత్తం వంద ప్రీసెట్లు. సున్నా నుంచి మూడు వరకు తెలుగు పాటలకు, నాలుగు నుంచి ఆరు ఒడియా పాటలకు, ఏడూ ఎనిమిదీ హిందీకి, తొమ్మిదో బ్యాంకు జగన్నాథుడి భజనలకు కేటాయించాను. రెండు వేల తొక్కుళ్ళతో ఆరేళ్ళ కిందట కట్టుకున్న సంసారం అది. ఈ వారంలో దాన్ని మళ్ళీ మొదటి నుంచి తొక్కవలసి వచ్చింది. రెండూ కలిపితే నాలుగు వేలు. అలిపిరి నుంచి తిరుమలకు మెట్లు 3,550. అక్కడ కనీసం పైన స్వామి ఉంటాడు.

మళ్ళీ ఎందుకు తొక్కవలసి వచ్చిందో తమకు తెలియనిది కాదు. తమ పాత చిప్పుతో ఒక పెడల్ తొక్కితే ప్రీసెట్ మొత్తం మారుతుంది తప్ప, ఉన్న నాదాన్ని అలాగే ఉంచి డిలేను మాత్రమే వేసి తీసే వీలు లేదు. కొత్త చిప్పు వేస్తే ఆ వీలు వస్తుందని, ఏది వెలుగుతోందో ఏది ఆరిందో పెడల్ దీపమే చెబుతుందని, అమ్మినవారు "పది నిమిషాల పని" అన్నారు. ఆ పది నిమిషాలలో తమ కడుపు విప్పి చూశాను. ఇరవై ఎనిమిది కాళ్ళ చిప్పు, నడినెత్తిన చిన్న గాజు కిటికీ, వెలుతురు సోకి లోపలి జ్ఞానం చెరిగిపోకుండా దాని మీద స్టిక్కరు. సన్నని స్క్రూడ్రైవరుతో ఒకసారి ఈ కొస, ఒకసారి ఆ కొస, పాలపన్ను కదిపినట్టు కదిపి తీశాను. కొత్తదాని గాడి పాతదాని గాడి వైపే ఉండేటట్టు పెట్టి నొక్కితే, ఒక కాలు లోపలికి పోకుండా పొట్ట కిందికి ముడుచుకుపోయింది. పట్టకారుతో దాన్ని తిన్నగా చేస్తున్నంతసేపూ ఊపిరి తీయలేదు. అది విరిగి ఉంటే ఈ ఉత్తరం వేరే భాషలో ఉండేది.

ఇంతా అయ్యాక స్విచ్చి వేస్తే, కొత్త చిప్పు తమ పాత జ్ఞాపకాల వరస తనకు చదవరాదంది. అంతా తుడిచి కొత్తగా మొదలుపెట్టమంది. తుడిచాను. భయపడలేదు, ఎందుకంటే ముందురోజే వంద ప్రీసెట్లనూ కంప్యూటరులోకి దింపుకున్నాను. దింపుకున్నాను అనుకున్నాను.

మిడి తీగలో సమాచారం సెకనుకు 31,250 బిట్ల వేగంతో నడుస్తుంది, అంటే 3,125 బైట్లు. నా వంద ప్రీసెట్ల మూట రెండు వేల పైచిలుకు బైట్లు. నేను నెల రోజులు కాలితో వ్రాసినది చేరవేయడానికి తమకు ఒక్క సెకను కూడా పట్టదు. ఆ ఒక్క సెకను పనిని నేను కొన్న చవక యూఎస్‌బీ కేబులు చేయలేకపోయింది. పొట్టి సందేశాలు చక్కగా మోస్తుంది, అమరికలన్నీ ఒక్క సందేశంగా కట్టిన పొడవాటి సిసెక్స్ మూట ఎత్తగానే దాని నడుం విరుగుతుంది. ఆ దస్త్రాన్ని విప్పి చూశాను. మొదట్లో ఎఫ్-సున్నా ఉంది, సందేశం మొదలైందని దాని అర్థం. చివర ఎఫ్-ఏడు ఉండాలి, అయిపోయిందని. లేదు. నాలుగో బ్యాంకు నడుమ ఎక్కడో మాట మింగేసినట్టు ఆగిపోయింది. సగం తిన్నావు, సరే, తిన్నానని చెప్పి ఏడవవచ్చు కదా! "దస్త్రం భద్రపరచబడింది" అని కంప్యూటరు నవ్వుతూ చెబితే, నువ్వు దీపాలు ఆర్పుకుని ఏమీ ఎరగనట్టు కూర్చున్నావు. 1983 జనవరిలో ఇద్దరు పోటీ తయారీదారుల కీబోర్డులు, ఒకటి అమెరికాది, ఒకటి జపానుది, నలుగురి ముందూ ఒక్క తీగతో మాట్లాడుకున్నాయి. ఆ భాషే కదా నీదీ! నా గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు ఒక్క ఎఫ్-ఏడు పంపలేకపోయావా?

ఏకవచనంలోకి దిగినందుకు క్షమాపణ అడగను.

ఆ కేబులుతో కంప్యూటరు నుంచి తిరిగి ఎక్కించడమూ కుదరదు కనుక, మంచి ఇంటర్‌ఫేస్ బరంపురం నుంచో విశాఖ నుంచో వచ్చేలోగా పెళ్ళి అయిపోతుంది కనుక, మళ్ళీ కాలే గతి అయింది. రెండు రాత్రులు తొక్కాను. మా బావ టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి, "బావా, నీ కాలికి చదువు అబ్బిందా?" అన్నాడు. అబ్బలేదని నిన్న కాశీనగరం అంతా విన్నది.

చిల్లర ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి, త్వరగా ముగిస్తాను. నీ ఎక్స్‌ప్రెషన్ పెడల్‌ను నేలకంటా అదిమినా మిడిలో గరిష్ఠ విలువైన 127కు చేరకుండా 119 దగ్గర అలిసిపోతుంది. నీ తీగ కొసన అయిదు సూదులుంటే రెండింట్లో సమాచారం నడుస్తుంది, ఒకటి కవచం, మిగిలిన రెండూ 1983 నుంచి కూర్చుని తింటున్నాయి. ఇక లెక్క సంగతి. నువ్వు సున్నా నుంచి లెక్కపెడతావు, ప్రాసెసరు ఒకటి నుంచి లెక్కపెడుతుంది. నేను పన్నెండు అంటే అది పదమూడు తీస్తుంది. వందకు పదహారు కలిపి చదివించే జాతి మాది, అంకె దగ్గర మాకు పట్టింపు ఎక్కువ. ఒకటి తేడా వచ్చే వ్యవహారాన్ని శుభకార్యాలకు ఎలా తెస్తావు?

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. నిన్న ఆ అరుపు తరవాత, చెమటలు కారుతుండగా, నాలుగో బ్యాంకుకు పోయి ఒడియా పాట అందుకున్నాను. పల్లవి మధ్యలో, నాదం ఏమాత్రం మారకుండా, డిలే ఒక్కటే కలవాలి. ఎనిమిదో పెడల్ తొక్కాను. దాని దీపం ఎర్రగా వెలిగింది. స్వరం తోక ఒకటి మండపం చివరి దాకా పోయి, మెల్లగా వెనక్కి వచ్చి నా భుజం మీద వాలింది. మళ్ళీ తొక్కితే ఆగిపోయింది. ఆరేళ్ళుగా నేను కోరుకున్నది అదొక్కటే. తాతగారు జేబులోంచి రుమాలు తీసి, మడతలు విప్పడం కూడా చూశాను. ఆయన ముఖం తుడుచుకోవడానికే తీశారేమో, నేను రెండోసారి చూడలేదు.

ప్రస్తుతం ఈ ఉత్తరం నీ పక్కనే నేల మీద కూర్చుని వ్రాస్తున్నాను. బ్యాంకు ఒకటి, మూడో పెడల్. నీ అంకెలు మెరుస్తున్నాయి. ఈసారి నొక్కి పడతాను, వదలను. అమ్మ గుడికి వెళ్ళింది, ఆమె వచ్చేలోగా ఈ బ్యాంకు పూర్తి కావాలి.

ఇట్లు,
తమ పాదసేవకుడు.

(సంతకం చేతితోనే చేశాను. దీనికి తమ అనుమతి అక్కరలేదనుకుంటాను.)