నగర సందర్శన: ఒక సవినయ సమర్థన

భాష రావాలంటే ఆ దేశం వెళ్లాలని పెద్దలు చెబుతారు. ఆ మాట విని బెర్లిన్‌లో జర్మన్ క్లాసులో చేరినవాళ్లున్నారు. వారమంతా నాలుగు గోడల మధ్య జర్మన్ మాట్లాడక తప్పని ఈ అభాగ్యులకు కాస్త ఊరట కలిగించడానికే శనివారం నగర సందర్శన పెట్టారని నా దృఢాభిప్రాయం. గిట్టనివాళ్లు దీన్ని కాలక్షేపం అంటున్నారు. వాళ్లకు సమాధానం చెప్పక తప్పదు.

కలుసుకునే చోటు అలెగ్జాండర్‌ప్లాట్జ్‌లోని ప్రపంచ గడియారం. 1969లో నిలబెట్టిన ఈ గడియారం చుట్టూ ప్రపంచ నగరాల పేర్లు, వాటి వేళలు ఉంటాయి. అందుకే కాబోలు, పదింటికి రమ్మంటే ఎవరి దేశపు పదింటికి వాళ్లు వస్తారు. ఈలోగా ముందొచ్చినవాళ్లు ఇంగ్లీషులో కష్టసుఖాలు చెప్పుకుంటారు. కొరియా కుర్రాడికీ ఇటలీ అమ్మాయికీ జర్మన్ కూడా వచ్చు. కానీ సెలవు రోజున దాన్ని బయటికి తీయడం మర్యాద కాదు.

టికెట్ మెషీన్ దగ్గర అసలు పరీక్ష. భాష ఎంత వచ్చో కొలవడానికి ఏ1 నుంచి సీ2 దాకా యూరప్ వాళ్లు కట్టిన ఆరు మెట్లలో మూడో మెట్టెక్కిన విద్యార్థి, తెర మీది జర్మన్ వాక్యాన్ని ఆసాంతం చదువుతాడు. ప్రతి మాటా అర్థమవుతుంది. ఆ తృప్తితో ఇంగ్లీషు బొత్తాం నొక్కుతాడు.

బ్రాండెన్‌బర్గ్ ద్వారం దగ్గర గ్రూపు ఫొటో, అంతే. దాని మీదున్న నాలుగు గుర్రాల రథాన్ని నెపోలియన్ 1806లో పారిస్‌కు పట్టుకుపోతే, 1814లో తిరిగొచ్చింది. అన్నేళ్లు అక్కడున్నా ఆ గుర్రాలకు ఫ్రెంచి వంటబట్టిన దాఖలా లేదు. మనవాళ్లను మాత్రం మూడు నెలలకే నిలదీస్తారు.

ఇక టీచరమ్మ పంచిన ప్రశ్నల కాగితం. దారినపోయే ముగ్గురిని ఆపి, ఈ ఊరు ఎలా ఉందో జర్మన్‌లో అడిగి రాసుకురావాలి. ఒకప్పుడు ఊరిని రెండుగా చీల్చిన బెర్లిన్ గోడలో మిగిలిన ముక్కమీద 1990లో బొమ్మలు వేశారు కదా, ఆ ఈస్ట్ సైడ్ గ్యాలరీ దగ్గర వేట మొదలవుతుంది. కిలోమీటరు పైచిలుకు పొడవు, కావలసినంత జనం. మొదటి ఆసామి ప్రశ్న సగం వినగానే జాలిపడి ఇంగ్లీషులో జవాబిచ్చాడు. రెండో ఆవిడ చిరునవ్వు నవ్వి తన సంచిలోంచి అలాంటి కాగితమే తీసింది. ఆవిడది పక్క వీధి జర్మన్ స్కూలు. ఒకరినొకరు ప్రశ్నించుకుని, ఒకరి తప్పులు ఒకరు శ్రద్ధగా రాసుకున్నారు. మూడో మనిషిని విద్యార్థి ఓ బెంచీ మీద కూర్చుని తానే సృష్టించాడు: పేరు, వృత్తి, ఒక కుక్క, నగరం మీద నిశ్చితాభిప్రాయం. సోమవారం కాగితం దిద్దిన టీచరమ్మ ఎర్ర గీత పెట్టింది కల్పనకు కాదు, విభక్తికి. జర్మన్‌లో ఉన్నవే నాలుగు విభక్తులు. ప్రథమ నుంచి సంబోధన దాకా వల్లించిన మనబోటివాళ్లు కూడా ఆ నాలుగింటి దగ్గరే బోల్తా పడటం పరిశోధించదగ్గ విషయం.

ఇంగ్లీషులో బదులివ్వడం బెర్లిన్ వాళ్ల రక్తంలోనే ఉందనుకుంటే పొరపాటు. 1963 జూన్ 26న అమెరికా అధ్యక్షుడు కెనడీ ఈ ఊరొచ్చి, ఉచ్చారణ కోసం జర్మన్ వాక్యాన్ని తనకు పలికే తీరులో కార్డు మీద రాసుకొచ్చి చదివితే, జనం హోరెత్తారే గానీ ఒక్కరూ ఇంగ్లీషులోకి దిగలేదు. మనవాడు అంతకన్నా పొడవైన వాక్యం, కార్డు లేకుండా, కాఫీ కొట్లో చెబుతాడు. గౌరవంలో తేడా చూడండి.

సాయంత్రం రైల్లో అందరూ అలసి, ఇంగ్లీషులో జోకులు వేసుకుంటుండగా మామూలు బట్టల్లో ఉన్న ఒకాయన కార్డు చూపించి టికెట్ అడుగుతాడు. టికెట్ ఉంది. ప్లాట్‌ఫాం మీది పెట్టెలో ముద్ర వేయించలేదు కనుక చెల్లదు. విద్యార్థి ఇంగ్లీషు ఎత్తుకుంటాడు. ఆయన జర్మన్ వదలడు. ఒక స్టేషన్, రెండు స్టేషన్లు, వదలడు. చివరికి మనవాడి నోట కారణార్థకాలు, భూతకాలాలు, ఎన్నడూ వాడని షరతు వాక్యాలు ధారగా వస్తాయి. తోటివాళ్లు నోళ్లు తెరుచుకుని వింటారు. అవన్నీ ఓపిగ్గా విని ఆయన 60 యూరోల జరిమానా అడుగుతాడు.

ఇంత సమర్థుణ్ణి రైళ్లలో తిప్పడం జాతీయ వృథా. వెంటనే భాషా బోధనలోకి బదిలీ చేయాలని నా ప్రతిపాదన. ఫీజు తీసుకోవడం ఆయనకు ఎలాగూ కొత్త కాదు, రసీదు కూడా అక్కడికక్కడే ఇస్తాడు.