క్యాజువాలిటీకి గణిత చికిత్స

శ్రీకాకుళంలో క్యాజువాలిటీ రద్దీకి మందు ఎప్పుడో కనిపెట్టేశాం. దాని పేరు విశాఖపట్నం. చీటీ మీద 'రిఫర్డ్' అని రాసి, అంబులెన్స్ ఎక్కించి, హైవే మీదికి వదిలితే చాలు, అది వేరే జిల్లా రద్దీ అయిపోతుంది. ఇంత చక్కటి ఏర్పాటు ఉండగా ఇప్పుడు కొత్తగా డేటా మోడలింగ్ అంటున్నారు, అంటే రోగుల రాకపోకలను లెక్కగట్టి రద్దీ ఎక్కడ, ఎందుకో తేల్చే గణితం. సరే, చదువుకున్నవాళ్లు చెబుతున్నప్పుడు వినకపోతే మర్యాదగా ఉండదు.

ఈ విద్య ఆసుపత్రిలో పుట్టింది కాదు. టెలిఫోన్ ఎక్స్చేంజికి ఎన్ని లైన్లు కావాలో తేల్చడానికి డెన్మార్క్‌కు చెందిన ఎర్లాంగ్ 1909లో మొదలుపెట్టిన లెక్క. 1961లో అమెరికాలో లిటిల్ అనే ఆయన ఇంకో సూత్రం నిరూపించాడు. గంటకు ఎంతమంది వస్తున్నారో, ఒక్కొక్కరు సగటున ఎన్ని గంటలు ఉంటున్నారో గుణిస్తే లోపల ఉండే జనం లెక్క తేలుతుంది. గంటకు 6 మంది వచ్చి తలా 4 గంటలు ఉంటే 24 మంది. మంచాలు 12 ఉంటే మిగతా 12 మంది ఎక్కడుంటారో సూత్రం చెప్పదు. వరండాలో సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని, చెయ్యి మార్చుకుంటూ నిలబడ్డ మేనమామ చెబుతాడు.

ఎవరు ఎప్పుడొస్తారో ముందే అంచనా కట్టొచ్చట. నాట్ల రోజుల్లో పాముకాట్లు, వానల్లో జ్వరాలు, చీకటి పడ్డాక బైకు ప్రమాదాలు. గేటు దగ్గర సెక్యూరిటీ ఇవన్నీ నోటికి చెబుతాడు గానీ, అతని మాటకు గ్రాఫు ఉండదు కదా!

ఇంగ్లండులో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను 4 గంటల్లో తేల్చాలని లక్ష్యం పెట్టారు. తీరా చూస్తే నాలుగో గంట నిండే ముందు నిమిషాల్లోనే బోలెడంతమందికి అడ్మిషన్లు, డిశ్చార్జిలు అయిపోయాయి. పాపం, అంత శ్రమ దేనికి? గడియారం చీటీ కట్ చేశాకే మొదలవ్వాలని ఒక్క రూలు చాలు. కౌంటరులో సర్వర్ డౌన్ అయితే రోగి ఇంకా రానట్టే. స్ట్రెచర్ మీద ఉన్నా సరే.

ఇక్కడే మోడల్ ఒక పెంకి మాట అంటుంది. రద్దీకి కారణం జలుబు, దగ్గులతో వచ్చేవాళ్లు కాదట, జామ్ గేటు దగ్గర లేదట. కింద డాక్టరు చూసేశారు, అడ్మిషన్ రాసేశారు, పై వార్డులో మంచం లేదు. అంతే. ఈ మాట చాలా దేశాల్లో తేలిందే.

పైన మంచం ఎందుకు లేదు? ఒక ఆసుపత్రి అనుకోండి, పేరెందుకు. కిటికీ పక్క మంచం మీద పాతపట్నం తాత. పొద్దున్నే తల దువ్వుకుని, చెప్పులేసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రౌండ్స్ అయ్యేసరికి పదకొండున్నర. డిశ్చార్జి సమ్మరీ రాయాల్సిన కుర్ర డాక్టరు ఆపరేషన్ థియేటర్లో. ఆరోగ్యశ్రీ కాగితాల మీద ఒక సంతకం తక్కువ. మందుల కౌంటరు భోజనానికి వెళ్లింది. "ఎల్లిపోమన్నారు బావూ, కాయితమే ఇవ్వనేదు" అంటాడు తాత. సాయంత్రం కాగితం వచ్చేసరికి కొడుకు ఫోను స్విచాఫ్. ఆ మంచం మీద ఆ రోజంతా పడుకోవాల్సినవాడు కింద నేల మీద ఉన్నాడు.

డిశ్చార్జి పని ముందు రోజు సాయంత్రమే మొదలుపెట్టి, పొద్దున్న పదికల్లా కాగితం చేతిలో పెట్టమంటుంది మోడల్. ఇది ఒప్పుకోదగ్గది కాదని సవినయంగా మనవి చేస్తున్నాను. ఇందులో టెండరు లేదు, శంకుస్థాపన లేదు, బిల్లు లేదు. ప్రారంభోత్సవానికి రిబ్బన్ ఎక్కడ కడతారు, తాత చెప్పులకా? పైగా వార్డులో పని ముందే అయిపోతే సమీక్షల్లో మాట్లాడటానికి ఏం మిగులుతుంది?

అందుకే అందరికీ ఆమోదయోగ్యమైన మార్గం డ్యాష్‌బోర్డు. పెద్ద టీవీ, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతలు, కింద అధికారుల ఫొటోలు. మొదటి విడతలో దాన్ని తాత మంచానికి ఎదురుగా బిగించాలి. కాగితం వచ్చేదాకా తన మంచం కోసం కింద ఎంతమంది కాచుకుని ఉన్నారో ఆయన లైవ్‌లో చూసుకుంటాడు.