మేయర్ గారి కుంభకం

ప్రాణాయామంలో పూరకం, కుంభకం, రేచకం అని మూడు దశలుంటాయనీ, ఊపిరిని లోపలే నిలిపి ఉంచే కుంభకం గురువు లేనిదే అలవడదనీ మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ విద్యను ఏ గురువూ లేకుండా, వేలాది మంది అరుపుల నడుమ, ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తూ సాధించిన ఘనత నాటి లాస్ ఏంజెలెస్ మేయర్ ఎరిక్ గార్సెట్టి గారిది. కొవిడ్ మాస్కు నిబంధన అమల్లో ఉన్న 2022 జనవరి 30న, నగరాన్ని ఆనుకుని ఉన్న సోఫై స్టేడియంలో బాస్కెట్‌బాల్ దిగ్గజం మ్యాజిక్ జాన్సన్ పక్కన మాస్కు లేకుండా నిలబడ్డ ఆయన ఫొటో బయటికి వచ్చింది. ఇదేమిటని అడిగితే, ఫొటో దిగేటప్పుడు తాను ఊపిరి బిగబడతాననీ, కాబట్టి దానివల్ల ఎవరికైనా కొవిడ్ సోకే అవకాశం సున్నా శాతమనీ ఆయన వివరణ ఇచ్చారు. అదే మ్యాచ్‌లో అదే జాన్సన్ పక్కన మాస్కు లేకుండా దొరికిపోయిన కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్ గారు కాసేపు తీశానని మాత్రమే చెప్పుకున్నారు. శాస్త్రం జోలికి పోలేదు. గార్సెట్టి గారు తరువాత 2023లో మన దేశానికే అమెరికా రాయబారిగా వచ్చారు. కుంభకం పుట్టిన నేలకు అంతకంటే అర్హుడిని వాళ్లు ఎక్కడినుంచి తెస్తారు?

ఆ ఫొటో దిగిన రోజుల్లో మేయర్ గారి నగరంలో పిల్లలు బడికి ఎలా వెళ్లేవారో ఒకసారి చూడాలి. అమెరికాలో రెండో అతి పెద్దదైన లాస్ ఏంజెలెస్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే అక్కడి ప్రభుత్వ బడులను నడిపే సంస్థలో, తల్లిదండ్రులు పొద్దున్నే ఫోను తెరిచి, జ్వరం లేదు, దగ్గు లేదు అని ప్రశ్నలన్నిటికీ జవాబిస్తే ‘డైలీ పాస్’ అనే క్యూఆర్ కోడ్ వచ్చేది. గేటు దగ్గర దాన్ని చూపిస్తేనే లోపలికి ప్రవేశం. టీకా వేసుకున్నా, వేసుకోకపోయినా వారం వారం ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష. గదిలోనూ మాస్కు, ఆటస్థలంలో ఎండలోనూ మాస్కు. జనవరి 24 నుంచి అమ్మమ్మ కుట్టి పంపిన గుడ్డ మాస్కులు కూడా చెల్లవన్నారు. ముక్కు మీద వంచే తీగ ఉన్నదే పెట్టుకోవాలి. పన్నెండేళ్లు నిండిన విద్యార్థులందరికీ టీకా తప్పనిసరి చేస్తూ 2021 సెప్టెంబరులో ఈ డిస్ట్రిక్టే తీర్మానించింది. మాట విని ముందే వేయించుకున్నవాళ్లకు దక్కిందేమిటంటే, వేలాది మంది ఇంకా వేయించుకోలేదు కనుక గడువు వాయిదా వేస్తున్నామని డిసెంబరులో వచ్చిన కబురు.

ఈ నిబంధనల్లోని తర్కాన్ని అర్థం చేసుకోవడానికి కొంత సాధన కావాలి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నాటి నిర్వచనం ప్రకారం, వైరస్ సోకినవారికి 6 అడుగుల లోపు, 24 గంటల్లో మొత్తం కలిపి 15 నిమిషాలు గడిపినవారు సన్నిహితులు. తరగతి గదిలో విద్యార్థులిద్దరూ మాస్కులు సరిగా పెట్టుకుని కనీసం 3 అడుగుల ఎడంలో ఉంటే మాత్రం ఆ లెక్కలోకి రారు. అయితే ఈ సడలింపు ఉపాధ్యాయులకూ ఇతర సిబ్బందికీ వర్తించదని అక్కడే రాసి పెట్టారు. అంటే వైరస్ నాలుగో అడుగు దగ్గర ఆగి, ఎదురుగా ఉన్నది విద్యార్థా, జీతం తీసుకునే మనిషా అని హాజరు పట్టీ తిరగేసి చూసుకుని, అప్పుడు ముందుకు అడుగేస్తుందన్నమాట. అంత పద్ధతి గల సూక్ష్మజీవి మరొకటి లేదు.

అప్పటి నిబంధనల ప్రకారం టీకా పూర్తయి, లక్షణాలేవీ లేని విద్యార్థి సన్నిహితుడని తేలినా క్వారంటైన్‌లో కూర్చోనక్కరలేదు. వైరస్ సోకినవాడి పక్క బల్ల మీద రోజంతా గడిపినా మర్నాడు నిక్షేపంగా బడికి రావచ్చునన్నంత నమ్మకం వారికి టీకా మీద ఉంది, సంతోషం. కానీ అదే పిల్లవాడు మైదానంలో ఒక మూల, ఎవరికీ అందనంత దూరంలో, ఒంటరిగా బంతి తన్నుకుంటున్నా మాస్కు తీయడానికి వీల్లేదు. క్వారంటైన్ కాగితంలో నిరపాయకరమైన పిల్లవాడు మాస్కు కాగితం దగ్గరికి వచ్చేసరికి ప్రమాదకారి అయ్యాడు.

ఈ చిక్కును విప్పగలిగింది మేయర్ గారి విద్య ఒక్కటే కనుక, ఆ రోజే దాన్ని బడుల్లో ప్రవేశపెట్టి ఉండవలసిందని నా నిశ్చితాభిప్రాయం. ఆయనకు బడుల మీద అధికారం లేదన్నది నిజమే గానీ, గురుస్థానానికి అధికారంతో పనేమిటి? మొదటి పీరియడు గంట కొట్టగానే ప్రిన్సిపాలు మైకులో ‘పూరకం’ అంటారు, పిల్లలందరూ గాలి పీల్చుకుంటారు. ‘కుంభకం’ అంటారు, అందరూ మాస్కులు తీసి బిగబడతారు. ఉపాధ్యాయురాలు ఆ వ్యవధిలో హాజరు వేసి, ఒక లెక్క బోర్డు మీద రాసి, తానూ బిగబట్టే ఉంటుంది కనుక సైగలతో వివరించి, చివర్లో ‘రేచకం’ వినబడగానే మాస్కు పెట్టుకుని బయటికి పరుగెడుతుంది. సన్నిహితుల లెక్క తీసేటప్పుడు కూడా దీని ప్రయోజనం తక్కువేమీ కాదు. పక్కవాడితో 15 నిమిషాలు గడిపిన విద్యార్థి అందులో రెండు నిమిషాలు కుంభకంలో ఉన్నట్లు రుజువు చేసుకుంటే, మిగిలింది 13 నిమిషాలే కనుక సన్నిహితుడే కాడు. రుజువుకు ఇద్దరు సాక్షులు, వాళ్లు కూడా బిగబట్టినవాళ్లే అయి ఉండాలి. ఇక ఫొటోల రోజున, అంటే ఏటా బడిలో తీసే ఆ వరుస ఫొటోల రోజున, ఏ ఇబ్బందీ ఉండదు. ఫొటోకు సున్నా శాతమని నగర ప్రథమ పౌరుడే తేల్చేశారు కదా.

అతిశయోక్తి అనుకునేవారు ఆ కాలపు అమెరికా బడుల్లోని బ్యాండు క్లాసును గుర్తు తెచ్చుకోవాలి. మాస్కుకు నోటి దగ్గర అడ్డంగా చిన్న చీలిక, ఆ చీలికలోంచి లోపలికి దూర్చిన క్లారినెట్ మూతి, అవతలి కొసన వాయిద్యానికి కూడా ఒక గుడ్డ తొడుగు. పిల్లవాడికొక మాస్కు, సన్నాయికొక మాస్కు. దీన్ని పెద్దవాళ్లు కూర్చుని, ఆలోచించి, కొలతలు తీసి తయారుచేశారు. నా కుంభక పథకం దీనికంటే ఏ విధంగా తీసికట్టో ఎవరైనా చెప్పాలి.

మాస్కు వల్ల ఉపయోగం లేదని నేననను. టీకా వేసుకున్న విద్యార్థులకు మాస్కు అక్కరలేదని 2021 జులై 9న చెప్పిన సీడీసీ, అదే నెల 27న బడిలో అందరూ పెట్టుకోవాలని మాట మార్చడానికి కారణం ఉంది: డెల్టా రకం టీకా వేసుకున్నవారి నుంచి కూడా వ్యాపించగలదని ఆలోగా తేలింది. సరే. కానీ ఆ గాలి స్టేడియంలోకి రాలేదా? ఫిబ్రవరి 13న అదే సోఫైలో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కు 70 వేల మందికి పైగా చేరారు; మాస్కు నిబంధన అక్కడా ఉంది, గడ్డం కిందికైనా చేరనివి ఎన్ని ఉన్నాయో టీవీలో ప్రపంచమంతా చూసింది. మర్నాడు లాస్ ఏంజెలెస్ బడిలో ఏడేళ్ల పిల్ల ఆరుబయట ఊయల ఊగాలంటే ముక్కు మీద తీగ వంచుకోవాలి. సోకితే ఎక్కువ ముప్పు ఎవరికి? పెద్దలకు. ఏడాదికి పైగా బడి పోగొట్టుకున్నదెవరు? 2020 మార్చి 16న మూసిన తలుపుల వెనక, 2021 ఏప్రిల్ దాకా తెర ముందు కూర్చున్నదెవరు? ఒక పిల్లవాడి మాస్కు ముక్కు కిందికి జారితే మందలింపు, మేయర్ మాస్కు చేతిలోకి జారితే యోగశాస్త్రం! సిగ్గులేనితనానికి కూడా ఒక హద్దు ఉండాలి.

మనవాళ్లూ తక్కువ తినలేదు. 2022 జనవరి 3న దేశమంతటా 15 ఏళ్లు నిండిన పిల్లలకు కొవాగ్జిన్ మొదలైంది. టీకా వేయించుకున్న పిల్లలకు తెలంగాణలో 8వ తేదీ నుంచి నెలాఖరు దాకా బడులు మూత. సంక్రాంతి సినిమాలకు థియేటర్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

కాలిఫోర్నియాలో ఫిబ్రవరి 16 నుంచి టీకా వేసుకున్నవారు దుకాణాల్లోనూ హోటళ్లలోనూ మాస్కు పెట్టుకోనక్కరలేదని రాష్ట్రం ప్రకటించింది, బడులను మినహాయించి. బడులకు మార్చి 11 దాకా ఆగమన్నారు. లాస్ ఏంజెలెస్ డిస్ట్రిక్ట్ ఆపైన కూడా ఆగింది, ఎందుకంటే ఉపాధ్యాయ సంఘంతో ఒప్పందం కుదరాలి. కుదిరింది, మార్చి 23న తరగతి గదుల్లో మాస్కు ఐచ్ఛికమైంది. ఎవరి ముఖాల గురించి ఆ ఒప్పందమో వాళ్లను ఆ బల్ల దగ్గరికి ఎవరూ పిలవలేదు. పిలిచినా, డైలీ పాస్ లేనిదే గేటు దాటనిచ్చేవారు కాదు.