ఓపిక పట్టమనే వారితో జాగ్రత్త

ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయినప్పుడు మనిషి సహజంగా చేసే పనులను చిన్నచూపు చూసే ధోరణి సాంకేతిక నిపుణులలో నానాటికీ ముదురుతోంది. కర్సర్ కదలకపోతే మౌస్‌ను బల్లకేసి కొట్టడం, ఒకే ఐకాన్‌పై ఆగకుండా నొక్కడం, లోపలి కసినంతా ఎంటర్ కీపై తీర్చుకోవడం పనికిమాలిన చేష్టలని వీరు నిస్సంకోచంగా ప్రకటిస్తున్నారు. వీరి వాదనను నిదానంగా పరిశీలించడం అవసరం, ఎందుకంటే దానిని ఒప్పుకుంటే మన కోపానికి బొత్తిగా పని లేకుండా పోతుంది.

వీరి మొదటి సలహా, ఏమీ చేయకుండా కాసేపు ఆగమనడం. విండోస్‌లో ఒక ప్రోగ్రాము తనకు వచ్చే సందేశాలను ఐదు సెకన్ల పాటు పట్టించుకోకపోతే, ఆపరేటింగ్ సిస్టమ్ దానిని స్పందించని ప్రోగ్రాముగా లెక్కకట్టి, అసలు విండోను దాచేసి, అదే చోట అదే పరిమాణంలో ఒక ఉత్తుత్తి విండోను నిలబెడుతుందట. దానిని పక్కకు జరపవచ్చు, సైజు మార్చవచ్చు, మూసివేయవచ్చు. అంతకు మించి దానితో ఏ పనీ చేయించలేము. అంటే పాలిపోయిన ఆ తెరపై మనం ప్రాణం పెట్టి కొడుతున్న క్లిక్కులన్నీ ఒక దిష్టిబొమ్మకు చెప్పుకుంటున్న మొర అన్నమాట. అంతకు ముందు కొట్టిన క్లిక్కుల కథ ఇంకా ఘోరం: అవి వరుసలో నిలబడి ఉండి, ప్రోగ్రాము తేరుకోగానే ఒక్కొక్కటిగా అమలవుతాయి. ఫలితంగా ఒకే ఫైలు పదిసార్లు తెరుచుకుంటుంది, లేదా సేవ్ చేయాలా వద్దా అని అడిగిన పాపానికి ఆ పెట్టె మన పాత క్లిక్కు తగిలి వద్దనే జవాబుతో మూతపడుతుంది. ఇంతటి విధేయతను మేము ఎన్నడూ కోరలేదు.

తరువాత క్యాప్స్ లాక్ నొక్కి, దాని దీపం వెలిగి ఆరుతోందో లేదో చూడమంటారు. దీపం మాట వింటే, సిస్టమ్ లోలోపల ఇంకా పని చేస్తోందని, మొండికేసింది ఏదో ఒక ప్రోగ్రామేనని చాలావరకు అనుకోవచ్చట. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపే టాస్క్ మేనేజర్‌ను తెరిచి, దోషిని వెతికి, ఎండ్ టాస్క్ అనాలి. ఈ సలహాలోని ప్రమాదాన్ని పాఠకులు గుర్తించాలి. నడుస్తున్న పనులను తాత్కాలికంగా దాచుకునే మెమరీ, అంటే ర్యామ్, నిండిపోయినప్పుడు సిస్టమ్ అందులోని సమాచారాన్ని డిస్క్‌కు తరలిస్తూ, అవసరమైనప్పుడు మళ్లీ తెచ్చుకుంటూ ఉంటుంది. ర్యామ్‌తో పోలిస్తే డిస్క్ ఎన్నో రెట్లు నెమ్మది కనుక మొత్తం యంత్రం బిగుసుకుపోతుంది. ఇంత నింపింది ఎవరని టాస్క్ మేనేజర్‌లో చూస్తే, ఎప్పుడో చదువుదామని మనమే తెరిచి వదిలేసిన ట్యాబులతో బ్రౌజరు జాబితా పైభాగాన దర్శనమిస్తుంది. కంప్యూటర్‌ను తిట్టుకునే హక్కును ఇంత సులువుగా లాగేసుకునే పట్టిక మరొకటి లేదు.

ఒకనాటి పద్ధతులలో ఈ విచారణలేవీ ఉండేవి కావు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కోసం డేవిడ్ బ్రాడ్లీ అనే ఇంజనీరు కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలయికను రూపొందించాడు. పొరపాటున ఒంటిచేత్తో నొక్కే వీలు లేకుండా కావాలనే దూరదూరపు కీలను ఎంచుకున్నాడు. అవి మూడూ కలిపి నొక్కితే యంత్రం నోరెత్తకుండా రీస్టార్ట్ అయ్యేది. అంతటి అస్త్రం నేటి విండోస్‌లో లాక్, సైన్ అవుట్ వంటి నాలుగు మాటల మెనూ చూపించి ఊరుకుంటోంది.

ఇక షట్‌డౌన్ చేసి ఆన్ చేయడమనే సర్వరోగ నివారిణి సంగతి. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ పని చేస్తున్న యంత్రాలలో, షట్‌డౌన్ అన్నప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ స్థితి డిస్క్‌లో భద్రమై, తిరిగి ఆన్ చేయగానే యథాతథంగా లేచి కూర్చుంటుంది. పూర్తిగా మొదటి నుంచి మొదలు కావాలంటే రీస్టార్ట్ నొక్కాలి. ఆపమంటే సగం ఆగి, మళ్లీ మొదలుపెట్టమంటేనే పూర్తిగా ఆగే యంత్రాన్ని ఓపికతో అర్థం చేసుకోమనడం న్యాయమేనా? గాలి రంధ్రాలను పరుపులో కూరి పెడితే ప్రాసెసర్ వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుందన్న హెచ్చరిక కూడా ఉంది కానీ, పడుకుని పని చేసుకునే వారి మనోభావాలను గౌరవించి దానిని ఇక్కడితో వదిలేద్దాం.

ఏదీ ఫలించనప్పుడు పవర్ బటన్‌ను నొక్కిపట్టడానికి నిపుణులు సైతం అనుమతిస్తారు. సాధారణంగా నాలుగు సెకన్లు, కొన్ని ల్యాప్‌టాప్‌లలో పది సెకన్లో అంతకు మించో పట్టాలి. సేవ్ చేయని పని పోతుంది. తిరిగి ఆన్ అయ్యాక విండోస్ తన సంఘటనల చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో 41వ నంబరుతో ఒక నమోదు చేసుకుంటుంది. సిస్టమ్ సవ్యంగా షట్‌డౌన్ కాకుండానే రీస్టార్ట్ అయిందని, స్పందన ఆగిపోవడమో, క్రాష్ కావడమో, కరెంటు పోవడమో కారణం కావచ్చునని అందులో ఉంటుంది. మనం ఏమీ నొక్కకుండానే ఆ నమోదు పదేపదే కనిపిస్తే వేడినీ, కరెంటు సరఫరానూ, యంత్ర భాగాలను నడిపే డ్రైవర్ ప్రోగ్రాములనూ అనుమానించాలి. మనమే నొక్కినప్పుడు మాత్రం, అంత బలప్రయోగం చేసి సమస్యను పరిష్కరించిన బొటనవేలి పేరు ఆ కారణాలలో ఎక్కడా కనిపించదు. ఈ విస్మరణను మేము తీవ్రంగా ఖండిస్తున్నాము.