స్రెబ్రెనిత్సాకు దాని ఓటు తిరిగి ఇవ్వాలి

ఏటా జూలై 11న స్రెబ్రెనిత్సా దగ్గరి పొటోచారి శ్మశానవాటికలో ఆకుపచ్చ గుడ్డ కప్పిన శవపేటికలు జనం తలల మీదుగా చేతులు మారుతూ సాగుతాయి. మోసేవారికి బరువే తెలియదు. కొన్నింటిలో ఉండేవి నాలుగైదు ఎముకలే. సాయంత్రానికి మట్టి కప్పడం పూర్తవుతుంది. రాయబారుల కార్లు సరయేవో దారి పడతాయి, బస్సులు తుజ్లాకు మళ్లుతాయి, దూరదేశాల నుంచి వచ్చిన బంధువులు వియన్నాకో సెయింట్ లూయిస్‌కో విమానం ఎక్కుతారు. మర్నాడు స్రెబ్రెనిత్సా మళ్లీ ఖాళీ. ప్రపంచం వచ్చి కన్నీరు పెట్టి వెళ్లే ఈ కొండ ఊరి గురించి నేను అడగదలచుకున్నది ఒక్కటే. జూలై 12న ఆ ఊరు ఎవరి చేతిలో ఉంటోంది?

తూర్పు బోస్నియాలో, డ్రినా నదికి దగ్గరలో, ఇరుకు లోయలో ఒదిగిన పట్టణం ఇది. స్రెబ్రో అంటే వెండి. ఆ గనుల వల్లే పేరు వచ్చింది. ఇనుము కలిసిన గుబెర్ ఊట నీటి కోసం 1992-95 యుద్ధానికి ముందు ఎక్కడెక్కడి నుంచో రోగులు వచ్చేవారు. 1991 జనగణనలో పట్టణం, చుట్టూ కొండల మీది పల్లెలు కలిపి మున్సిపాలిటీ మొత్తానికి 36,666 మంది తేలారు. ప్రతి నలుగురిలో ముగ్గురు బోస్నియాక్‌లు, అంటే బోస్నియా ముస్లింలు. 2013 జనగణన వచ్చేసరికి మొత్తం 13,409 మందే మిగిలారు. అందులో బోస్నియాక్‌లు సగం కంటే కాస్త ఎక్కువ. కాగితం మీద ఆ సగం ఉన్నా, నిజంగా పొయ్యి వెలిగించి కాపురం ఉంటున్నవారు ఎందరన్నది వేరే లెక్క.

మధ్యలో జరిగింది పాఠకులకు తెలుసు. 1993 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 819వ తీర్మానంతో ఈ ఊరిని ‘సురక్షిత ప్రాంతం’గా ప్రకటించింది. 1995 జూలై 11న బోస్నియా సెర్బుల సైన్యాధిపతి రాట్కో మ్లాదిచ్ సేనలు అందులోకి నడిచి వచ్చాయి. పొటోచారిలోని పాత బ్యాటరీల ఫ్యాక్టరీలో మకాం వేసిన డచ్చి శాంతి సైనికులు చూస్తుండగానే మగవాళ్లను, మగపిల్లలను వేరు చేశారు, తర్వాత చంపేశారు. స్మారకం రాతి మీద ఈనాడు 8,372 అనే అంకె ఉంది. అది జాతి హననమేనని హేగ్‌లోని యుగోస్లావియా యుద్ధ నేరాల ట్రిబ్యునల్ 2004లో అప్పీలులో ఖరారు చేసింది. 2007లో అంతర్జాతీయ న్యాయస్థానమూ అదే చెప్పింది. మ్లాదిచ్‌కు పడిన యావజ్జీవ శిక్ష 2021లో ఖాయమైంది. నేరం సంగతి తేలిపోయింది. ఊరి సంగతి తేలలేదు, దాన్ని తేల్చాలన్న తొందర కూడా ఎవరికీ కనిపించడం లేదు.

యుద్ధాన్ని ముగిస్తూ 1995 నవంబరులో కుదిరిన డేటన్ ఒప్పందాన్ని చాలామంది దేశాన్ని రెండు ముక్కలు చేసిన పత్రంగానే గుర్తుపెట్టుకున్నారు. ఆ పత్రం స్రెబ్రెనిత్సాను, దాన్ని ఖాళీ చేయించిన వారి రాజ్యభాగమైన, సెర్బుల చేతిలోని రిపుబ్లికా స్ర్ప్‌స్కాకే అప్పగించింది. కానీ అదే ఒప్పందానికి ఒక మూడో అనుబంధం ఉంది, ఎన్నికల గురించి. అందులో నాలుగో అధికరణం ఏమంటుందంటే, 1991లో తాను నివసించిన మున్సిపాలిటీలో ఇప్పుడు ఉండని పౌరుడు సాధారణంగా ఆ పాత మున్సిపాలిటీలోనే, స్వయంగా వచ్చో గైర్హాజరు ఓటుతోనో ఓటు వేయాలి. ఈ మాటను ఒకటికి రెండుసార్లు చదవాలి. తుపాకీతో ఊరు మార్చినవాడికి ఆ ఊరి ఓటరు జాబితా బహుమతిగా దక్కకూడదని ఒప్పందం రాసినవాళ్లకు తెలుసు. అందుకే యుద్ధానికి ముందటి లెక్కను పునాదిగా పెట్టుకున్నారు. నా దృష్టిలో డేటన్ మొత్తంలో అన్నిటికన్నా న్యాయమైన వాక్యం అదే.

ఆ వాక్యం క్రమంగా ఎండిపోయింది. బోస్నియా ఎన్నికల చట్టం నిర్వాసితుడి హోదా ఉన్నవారికి పాత ఊరి ఓటును ఉంచింది, నిజమే. కానీ ఆ హోదా శాశ్వతం కాదు. తుజ్లాలో ఇల్లు కట్టుకుని, పిల్లలను బడిలో చేర్చి, కొత్త చిరునామా నమోదు చేసుకుని స్థిరపడిన మనిషికి ఆ హోదా పోతుంది. దాంతో పాటే పాత ఊరి ఓటూ పోతుంది. భర్తను, కొడుకులను పోగొట్టుకున్న ఒక తల్లి శిబిరంలోనే ముసలిదైపోయి ఉంటే హక్కు నిలిచేది. బతుకు నిలబెట్టుకుంది కాబట్టి పోయింది! ఆస్ట్రియా వంటి దేశాలకు చేరినవారు అక్కడి పౌరసత్వం కావాలంటే బోస్నియా పౌరసత్వాన్నే వదులుకోవాలి. వారి ఓటు అక్కడితో సరి.

స్రెబ్రెనిత్సా సంగతి వేరని 2008లో చట్టసభ కూడా ఒప్పుకుంది. 1991లో అక్కడ నివసించినవారు ఇప్పుడు ఎక్కడున్నా ఆ ఏడాది స్థానిక ఎన్నికల్లో ఓటు వేయవచ్చని ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చింది. 2012కి ఆ మినహాయింపును పొడిగించలేదు. అప్పుడు ఊరి పిల్లలే పూనుకున్నారు. ఎక్కడెక్కడో స్థిరపడినవారిని బతిమాలి, చిరునామాలను తిరిగి స్రెబ్రెనిత్సాకు మార్పించి, ఒక్కొక్క పేరునూ జాబితాకు ఎక్కించారు. 1995లో తాను స్వయంగా అడవుల గుండా పారిపోయి ప్రాణాలతో బయటపడ్డ బోస్నియాక్ చామిల్ దురాకోవిచ్ మేయరయ్యారు. ఒక ఊరు తన గల్లంతైన జనాన్ని వెతికి పోగుచేసి పోలింగ్ కేంద్రానికి తెచ్చుకున్న ఎన్నిక అది. నాలుగేళ్లకొకసారి అంత ఉద్యమం చేస్తేనే నిలిచే హక్కు ఎంతకాలం నిలుస్తుంది? 2016లో సెర్బు అభ్యర్థి మ్లాదెన్ గ్రుయిచిచ్ గెలిచారు. అక్కడ జరిగినది జాతి హననమని ఆయన ఒప్పుకోరు. సమాధులున్న మున్సిపాలిటీకి, ఆ సమాధులను ఆ పేరుతో పిలవని మేయరు! ఇందులో దొంగ ఓట్ల మాటే ఎత్తక్కర్లేదు. 1995లో ఓటర్లనే తొలగించాక, నిజాయితీగా జరిగిన లెక్కింపు కూడా ఆ తొలగింపునే ధ్రువీకరిస్తుంది.

ఎదుటి వాదన ఒకటుంది. ఊళ్లో ఉండేవాడే ఊరి రోడ్డు గురించి, చెత్త బండి గురించి తేల్చాలి, రెండు వేల మైళ్ల అవతల కూర్చున్నవాడికి ఏం సంబంధం అంటారు. అక్కడి సెర్బులూ పేదవాళ్లే, క్రావిత్సా వంటి చోట్ల తమవాళ్లను పోగొట్టుకున్నవారే, వారిలో కొందరు సరయేవో శివార్ల నుంచి తామే తట్టాబుట్టా సర్దుకుని వచ్చినవారు అంటారు. ఆ దుఃఖం నిజం. వారి ఓటు ఒక్కటి కూడా తీసేయమని నేను అనను. ఉద్యోగం కోసం వెళ్లినవాడికి చిరునామా సూత్రం సరిపోతుంది. కత్తి చూసి పరుగెత్తినవాడికి దాన్నే వర్తింపజేస్తే, అది తరిమినవాడి పక్షాన నిలిచిన చట్టమవుతుంది.

‘ఇళ్లు తిరిగి ఇచ్చారుగా’ అనేవారికి కూడా ఒక మాట. బోస్నియా ఆస్తుల విషయంలో నిజంగా గొప్ప పనే జరిగింది. 2000ల మధ్యకల్లా ఇళ్లు తిరిగి కోరిన దరఖాస్తుల్లో 90 శాతానికి పైగా పరిష్కారమయ్యాయి. అదెలా ఉంటుందో చూడాలంటే పక్క మున్సిపాలిటీ బ్రాతునాత్స్‌లోని కొన్యెవిచ్ పోల్యెకు వెళ్లాలి. ఫాటా ఓర్లోవిచ్ అనే రైతు మహిళ భర్తను పోగొట్టుకుని, ఏళ్ల తర్వాత ఇంటికి తిరిగొస్తే, పెరట్లో ఒక చర్చి కనిపించింది. ఆమె లేనప్పుడు, ఆమె నేల మీద, ఆమెను అడగకుండా కట్టేశారు. డబ్బు ఇస్తామన్నా లొంగలేదు, బెదిరించినా లొంగలేదు. చర్చి ఎక్కడైనా కట్టుకోండి, నా ముంగిట్లో వద్దు అన్నదే ఆమె మొదటి నుంచీ పట్టిన పట్టు. కేసు యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లింది. 2019 అక్టోబరులో తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది, 2021 జూన్‌లో ఆ కట్టడాన్ని కూల్చారు. ఇరవై ఏళ్లకు పైగా సాగిన పోరాటం, ఒక్క పెరడు కోసం.

పెరడు దక్కింది సరే, మున్సిపాలిటీ? ఆ పెరడు పక్కనుంచి పోయే రోడ్డు, అంబులెన్సు, ఆఫీసుల్లో గుమాస్తా ఉద్యోగం, బడిలో చెప్పే చరిత్ర, ఇవన్నీ ఎవరి చేతిలో ఉన్నాయి? అదే కొన్యెవిచ్ పోల్యెలో 2013లో తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించారు. తమ భాషలో, తమ చరిత్రతో పాఠాలు చెప్పమని వాళ్లు అడిగారు, దాని కోసం సరయేవోలో అంతర్జాతీయ ప్రతినిధి కార్యాలయం ముందు గుడారాలు వేసుకుని చలిలో కూర్చున్నారు. తిరిగొచ్చిన కుటుంబం మళ్లీ ఎందుకు వెళ్లిపోతుందో ఇంతకంటే వివరించాలా? పైకప్పు వేసిచ్చే దాతలు దొరికారు, పిల్లవాడి బడిని నిర్ణయించే ఓటు మాత్రం దొరకలేదు. అందుకే ఆ కొండల మీద కొత్త ఎర్రపెంకుల ఇళ్లు తాళాలేసి ఉంటాయి.

ఇది బోస్నియాకే పరిమితమైన గొడవ కాదు. ఓటు మనిషికి చెందుతుందా, చిరునామాకా అన్న ప్రశ్నను నేను చాలాకాలంగా పట్టుకుని ఉన్నాను, ఎందుకంటే మన దేశం దానికి ఒక చోట సరైన జవాబు ఇచ్చింది. లోయ వదిలి రావలసి వచ్చిన కశ్మీరీ పండిట్లు జమ్మూలోనో ఢిల్లీలోనో ప్రత్యేక పోలింగ్ కేంద్రాల్లో నిలబడి లోయలోని తమ నియోజకవర్గాలకే ఓటు వేస్తారు. జమ్మూ, ఉధంపూర్‌లలో ఉన్నవారికి ఫారం-ఎం బాదరబందీని కూడా 2024లో ఎన్నికల సంఘం తొలగించింది. అదే 2024లో, మే 23న, జూలై 11ను స్రెబ్రెనిత్సా జాతి హనన స్మరణ దినంగా గుర్తించే తీర్మానం ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ముందుకు వచ్చింది. 84 దేశాలు అవునన్నాయి, 19 కాదన్నాయి, 68 తటస్థంగా ఉండిపోయాయి. ఆ 68లో మనమూ ఉన్నాం. ఇంటి నుంచి వెళ్లగొట్టిన మనిషి ఓటును ఇంటి దగ్గరే దాచి ఉంచాలని తన పౌరుల విషయంలో నమ్మిన దేశం అక్కడ నోరు విప్పకపోవడం నాకు బాధ కలిగించింది, ఇప్పటికీ కలిగిస్తోంది.

చేయవలసింది కష్టమైన పనేం కాదు. మూడో అనుబంధం నాలుగో అధికరణాన్ని, హోదా షరతు లేకుండా, స్రెబ్రెనిత్సా మున్సిపాలిటీకి తిరిగి వర్తింపజేయాలి. 1991 జనగణన పుస్తకంలో పేరున్న ప్రతి ఒక్కరికీ, సెర్బులకైనా బోస్నియాక్‌లకైనా, వారి పిల్లలకూ అక్కడ ఓటు ఉండాలి. బోస్నియాలో స్థానిక ఎన్నికలు నాలుగేళ్లకొకసారి, మొన్నటివి 2024 అక్టోబరులో అయ్యాయి. 2028 నాటికి, 1991లో పదేళ్ల పిల్లవాడిగా లెక్కకెక్కినవాడికి నలభై ఏడేళ్లుంటాయి. అతని తల్లి బతికి ఉంటే డెబ్బై దాటి ఉంటుంది. పొటోచారిలో ఆమె భర్త పేరు రాతి మీద ఉంది. ఆమె పేరు ఇప్పుడు ఏ ఊరి జాబితాలో ఉందో, కనీసం ఆ ఎన్నికలోపు తేల్చాలి.