మా ఇంటి లెపెచీనియా

మా బావమరిది కాలిఫోర్నియా నుంచి ఒక ఫొటో పంపాడు. బూడిద పూసినట్టున్న ఆకుల పొద, వేలాడే తెల్లటి గంటల్లాంటి పూలు. కింద "లెపెచీనియా. ఇక్కడి కొండల మొక్క బావా, ఆకు నలిపితే ఇల్లంతా ఘుమఘుమే" అని రాశాడు. తమ్ముడింట్లో ఉన్నది తన ఇంట్లోనూ ఉండాలన్నది మా ఆవిడ రాజ్యాంగంలో మొదటి అధికరణ.

ఆ సాయంత్రమే, విజయనగరంలో రైలు కట్ట పక్కన నడుస్తుంటే ఏదో పొద ప్యాంటుకి రాసుకుంది. గుప్పున వాసన! కాడ పట్టుకు చూస్తే నలుపలకలు. తులసి, పుదీనా, మరువం అన్నీ ఆ వంశమే కదా. మొక్కల్ని గుర్తుపట్టే యాప్‌కి చూపించాను. మసక వెలుతురు ఫొటో చూసి అది చాలాసేపు తటపటాయించి "లెపెచీనియా కావచ్చు" అంది. ఆ "కావచ్చు"ని కట్ట మీదే వదిలేసి, మొక్కని వేళ్లతో సహా ఇంటికి తెచ్చాను.

తులసికోట పక్కనే కుండీ. రాత్రంతా చదివాను. రష్యా యాత్రికుడు ఇవాన్ లెప్యోఖిన్ పేరు మీద జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్డెనోవ్ 1804లో పెట్టిన పేరట. కాలిఫోర్నియా నుంచి అర్జెంటీనా దాకా నలభై రకాల వరకూ ఉన్నాయట. చలి కొండలు ఇష్టమని చదివి, మధ్యాహ్నం ఎండకి గొడుగు కూడా పట్టాను. వీధి వీధంతా వచ్చి చూసింది. అందరికీ కాఫీలు. పాలప్యాకెట్ల లెక్క మా ఆవిడ దగ్గరుంది.

నాలుగో రోజు ఎదురింట్లో ఉండే రిటైరైన వృక్షశాస్త్రం మేష్టారూ వచ్చారు. పువ్వు ఊదారంగులో, అదీ వడ్లగింజంత ఉండడం చూసి ముక్కు చిట్లించారు. గుండుసూది తీసి పువ్వు కింది పెదవిని తాకారు. టప్! పుప్పొడి ఎగిరి ఆయన కళ్లద్దాల మీద పడింది.

"లెపెచీనియాకి ఈ తుపాకీ విద్య లేదండీ. ఇది సీమతులసి. అమెరికాదే లెండి, బంధుత్వం కూడా ఉంది. కాకపోతే వీసా లేకుండా వచ్చేసి మన బంజరంతా ఆక్రమించేసింది."

నేను సర్దుకునేలోపే పక్కింటి మామ్మ గోడ మీంచి తొంగి చూసింది.

"ఓలమ్మో! ఏటి బావూ, దీనికి గొడుగేటి? మా మేకలు కూడా ముట్టవు కదేటి! రైలు కట్ట పొడుగునా ఇదే కదా ఉన్నాది. ఇలాగిచ్చీ, సాయంత్రం దోమలకి పొగెట్టుకుంటాను."

మా ఆవిడ కుండీతో సహా ఇచ్చేసింది. అడ్డుపడే మొహం నాకు లేదు.

ఆరింటికి మామ్మ పొగ గోడ దాటి మా హాల్లోకొచ్చింది. సరిగ్గా అప్పుడే బావమరిది వీడియో కాల్.

"బావా, ఏంటా పొగ?"

"లెపెచీనియా," అంది మా ఆవిడ దగ్గుతూ.